నీలి మెరుగు

పెల్కీ పాత తువ్వాలు పరిచి
నా బల్ల మీద రెండు రివాల్వర్లు పెట్టాడు.
ఒకటి వాళ్ళ మామ యాభై ఆరులో కొన్నది.
ఇంకోటి పోయిన మార్చిలో తను కొన్నది.
"గోడెట్, నిజం చెప్పు.
ఇలాంటివి ఇప్పుడెవరూ చెయ్యరు కదా?"

బయట కనెటికట్ నది మీద మంచుపలకలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి.
రెండింటి సిలిండర్లూ తెరిచి
ఖాళీవేనని చూశాను.
మళ్ళీ చూశాను.

పాతదాన్ని చెవి దగ్గర పెట్టుకుని
హ్యామర్ మెల్లగా వెనక్కి లాగాను.
గోడగడియారం గంట కొట్టబోయే ముందు
గొంతు సవరించుకున్నట్టు
ఒక చిన్న చప్పుడు, వెంటనే ఇంకొకటి.
పక్కపలక అతుకు కోసం గోరుతో వెతికాను.
దొరకలేదు.
ఇది స్టాషా విల్కోష్ చేతిపనే అయ్యుండాలి.
దీపపు మసి పూసి ఒక చూపు,
ఆకురాయితో ఒక్క గీత,
మళ్ళీ మసి, మళ్ళీ చూపు.
ఇప్పుడు విప్పితే
లోపల నువ్వుగింజంత చుక్క ఉంటుంది, ఆమె సంతకం.

ఇక ఆ నీలం.
వాన వెలిశాక వంకాయ మీద ఉండే నలుపులోంచి
లోపలెక్కడో పైకి తేలే నీలం.
పెల్కీ ముఖం అందులో కనబడింది,
ముక్కు కాస్త వంకరగా.

కొత్తది తీసుకున్నాను.
ట్రిగ్గర్ అన్నంలో ఇసుకరవ్వలా తగిలింది.
రంగు పొయ్యి మీది మూకుడుది.
అతుకు గోరుకి ఇట్టే దొరికింది.
పక్కన ఒక బుల్లి తాళం రంధ్రం,
ఇక్కడంతా దాన్ని పుప్పిపన్ను అంటారు.
కొలతలు తీశాను.
ఆరు గదులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే.
పాతదానిలో నాలుగోది
మిగతా అయిదింటి మాట వినదు.
ఉక్కూ కొత్తదే గట్టిది.
రేపు పాతిక గజాల దగ్గర పందెమంటే
నా డబ్బు దీని మీదే.

పెల్కీ మొహం మాడింది.
కొత్తొక వింత, పాతొక రోత అని ఎవరన్నారో గాని
మా లోయలో ఆ మాటని తలకిందులుగా మోస్తారు.
సోమవారం పొద్దున తయారైనవి నాకు గుర్తున్నాయి,
తాగిన తల దిగకుండానే బిగించినవి.
అవి ఎప్పుడో తుక్కులోకి పోయాయి.
మిగిలినవి మంచివి గనక
పాతవన్నీ మంచివే అయి కూర్చున్నాయి.

అతనికి చెప్పనిది ఇంకొకటుంది.
పదహారేళ్ళు నేను మెరుగు గదిలో ఉన్నాను.
తోలు చక్రాలు, జిగురు, రాతిపొడి.
ఒక్కో ఫ్రేము ఏడు చక్రాలు దాటితే గాని
ఆ నీలం దిగదు.
నా పక్క చక్రం బ్రోనిస్లావ్ కుకుల్కాది.
మూతికి కట్టుకున్న చేతిరుమాలు
మధ్యాహ్నానికల్లా అట్ట కట్టేది.
రెండు మాటల మధ్య ఆగేవాడు.
ఆలోచిస్తున్నాడనుకునేవాళ్ళం.
యాభై రెండో ఏట
తన ఇంటి మెట్లు తనే ఎక్కలేక
కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు.
పరామర్శకి వెళితే యాద్విగ అంది,
"ఆయన మెరుగు పెట్టినది మా ఇంట్లో ఒక్కటీ లేదు.
అంత ఖరీదు ఎక్కడ పెడతాం?"

ఇప్పుడు ఆ గదిలో గాజుపెట్టె లోపల
యంత్రమే రంగు వేస్తుంది.
తలుపు పక్కన నిలబడ్డ కుర్రాడు
సాండ్‌విచ్ తింటుంటాడు, దగ్గడు.

ఆ పుప్పిపన్ను సంగతి కూడా.
లాంగ్లీ వీధిలో, డెబ్బై ఒకటిలో,
ఓ ఇంటి సొరుగులో ఉన్నది
మెరిసే రకం.
దానికి రంధ్రం లేదు.
ఆ ఇంట్లో పిల్లవాడికి ఆరేళ్ళు.

"మరి ఏది మంచిది?" మళ్ళీ అడిగాడు పెల్కీ.
పాతదాని మీద నా బొటనవేలి ముద్ర పడింది.
అలవాటు కొద్దీ నోటి దగ్గరికి తెచ్చుకుని
హా అని ఊపిరి వదిలాను.
నీలం మీద అది తెల్లగా ఒక్క క్షణం నిలబడింది.
గుడ్డతో తుడిచాను.

"నూనెకి పన్నెండు డాలర్లు," అన్నాను.
పెల్కీ చిల్లర వెతుక్కున్నాడు.